అధికారం ఇస్తారట, హోదా ఇవ్వరట!

అమెరికా యాడ్ రంగంలో పేరు మోసిన మేరీ వెల్స్ లారెన్స్ మీద రాసిన ఈ వ్యాసంలో, యాడ్ ప్రచారం కోసం బ్రానిఫ్ అనే ఎయిర్‌లైన్స్ విమానాలకు రంగులు వేయించిన కథే సగం ఉంది. 1965లో అది మామూలు ధైర్యం కాదు, ఒప్పుకుంటాను. కానీ అసలు సంగతిని రెండు ముక్కల్లో తేల్చేశారు. ప్రెసిడెంట్ అధికారాలన్నీ ఇస్తాం, ఆ హోదా మాత్రం ఇవ్వలేం అన్నారు ఆమె పనిచేసే యాడ్ ఏజెన్సీ పైవాళ్లు. ఆమె బయటికొచ్చి 1966లో మరో ఇద్దరితో కలిసి వెల్స్ రిచ్ గ్రీన్ అనే సొంత ఏజెన్సీ పెట్టారు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీకి సీఈవో అయిన తొలి మహిళ ఆమే.

నేను హన్మకొండలో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌ని. ఓనర్ మేడమే. పేపర్ యాడ్‌కు కాలమ్ సెంటీమీటర్ల లెక్క, బతుకమ్మ సీజన్‌లో చీరల షాపుల ఫ్లెక్సీలు, జిల్లా ఎడిషన్‌కు టైముకు మ్యాటర్ పంపే టెన్షన్, అన్నీ ఆమెవే. అయినా షాపు సేటు ఆమె ఎదురుగా కూర్చొనే "సార్ ఎప్పుడొస్తరమ్మా, రేటు మాట్లాడాలె" అంటాడు. ఆ సార్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు, యాడ్ రేట్లు ఆయనకేం తెలుసు! మేడం నవ్వి, రేటు చెప్పి, సగం అడ్వాన్స్ పెట్టించుకుని గానీ లేవనివ్వరు. ఉద్దెర మాటే ఉండదు.

వ్యాసంలో ఇంకోటి కూడా వదిలేశారు. 1967లో మేరీ పెళ్లాడింది బ్రానిఫ్ అధిపతినే. మరుసటి ఏడాదే అంతకంటే పెద్దదైన టీడబ్ల్యూఏ అనే మరో ఎయిర్‌లైన్స్ యాడ్ అకౌంట్ కోసం భర్త కంపెనీ అకౌంట్‌ను వదిలేసుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో భోజనాలు ఎట్లా జరిగాయో మరి!