ఆడకూలి రేటు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఆడకూలి రేటు గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు, కరువొచ్చినా కరోనా వచ్చినా మా ఊళ్ళో మగకూలిలో సగం దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చున్నది మీరొక్కరే.

మీరు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. ఏడో తరగతిలో చేతిరాత బాగుందని మా నాన్న కూలీల లెక్కల నోటుబుక్కు నాకు అప్పజెప్పాడు (జీతం ఏమీ లేదు లెండి). పేజీ మధ్యలో నిలువుగీత కొట్టి ఇటు 'మగ', అటు 'ఆడ' అని రాసేదాన్ని. ఇప్పుడు ఇటు 700, అటు 350. ఈ రేటు ఎవరు పెట్టారు నాన్నా అంటే, "మనం పెట్టేదేంటే, ఊళ్ళో అంతే" అంటాడు. ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే జవాబు. ఎవరూ పెట్టకుండానే వెలిశారంటే మీరు స్వయంభువే అయ్యుండాలి.

మగవాళ్ళది బరువు పని అంటారు మీ తరఫు వకీళ్ళు. సరే, మందు కొట్టే రోజు పొలానికి రండి. 16 లీటర్ల ట్యాంకు వీపుకు తగిలించుకుంటే మగపని. ఆ ట్యాంకులోకి నీళ్ళు, కాలవలో ముంచి, జారే గట్టు మీద బిందెతో మోసుకొచ్చి పోస్తే ఆడపని. నీళ్ళు అవే, బరువూ ఇంచుమించు అంతే, బిందెలోంచి ట్యాంకులో పడగానే వాటి రేటు రెట్టింపు.

నాట్లు తేలిక పనట. పొద్దున బురదలో వంచిన నడుం అన్నాల వేళకి గానీ లేవదు. మొన్నటిదాకా ఆ తేలిక పనికి ఒక్క మగాడూ దిగలేదు. ఇప్పుడు బెంగాల్ నుంచి మగవాళ్ళు వచ్చి నాటుతున్నారు, కానీ రోజుకూలికి కాదు, ఎకరానికింత అని గుత్త మాట్లాడుకునే మడిలో కాలు పెడతారు. మిమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వలేదు వాళ్ళు.

1976లో సమాన వేతనాల చట్టం వస్తే మీరు దాన్ని గట్టు దిగనివ్వలేదు. 2005 ఉపాధి హామీ చట్టం మాత్రం కాస్త టెన్షన్ పెట్టినట్టుంది, మట్టి ఎవరు తవ్వినా ఒకటే రేటన్నారు కదా. ఆ వేసవి పనులు మొదలయ్యాకే మావాళ్ళు "ఆడోళ్ళకి పొగరెక్కింది" అనడం నేను విన్నది.

మా అమ్మ అయితే మీ లెక్కలోకే రాదు. ఇంటి మనిషి కదా. అందరితో పాటు అదే వరసలో నాటుతుంది, మధ్యలో గట్టెక్కి టీ పోస్తుంది, నోటుబుక్కులో పేరుండదు. 2019లో దేశమంతా సర్వే చేసి, ఇంటిపని చేసే ఆడవాళ్ళకి అందులో రోజుకు 299 నిమిషాలు పోతున్నాయని, మగవాళ్ళకి 97 అని తేల్చారు. అమ్మకి చెబితే "ఆ 97 మంది ఎవరే?" అంది. నిమిషాలే అమ్మా అన్నాను. నమ్మలేదు.

అసలు సంగతికొస్తాను. ఈసారి మా ఊరి ఆడవాళ్ళూ గుత్తకే వస్తామన్నారు. ఎకరానికి 4,800. 12 మంది పొద్దున ఆరింటికి దిగి మూడింటికల్లా రెండెకరాలు నాటేసి కాళ్ళు కడుక్కున్నారు. తలకి 800 పడింది. నాన్న రెండుసార్లు భాగించి చూసుకున్నాడు. 'ఆడ' కింద రాయడానికి చెయ్యి రాలేదు, 'మగ' కింద రాయడానికి మనసొప్పలేదు, చివరికి ట్రాక్టర్ కిరాయి పక్కన రాసి పుస్తకం మూసేశాడు.

ఇట్లు,
మీ పాత గుమస్తా