ఏళ్ళు గడిచినా దుప్పి వేట దడ తగ్గలేదు, అయినా మన కొండల జోలికి మాత్రం రావద్దు

వేట వదిలేసి చాలా ఏళ్ళయింది, జుట్టు కూడా తెల్లబడింది, ఇంక ఆ పిచ్చి పోయుంటుందిలే అని మా ఇంట్లో వాళ్ళంతా ఫిక్స్ అయిపోయారు. పోలేదండీ. మొన్న నవంబర్లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న చెల్లెలి దగ్గరకి వెళ్ళినప్పుడు మళ్ళీ చెట్టెక్కి కూర్చున్నా, ఆకుల మీద అడుగుల చప్పుడు వినపడగానే గుండె ఎలా కొట్టుకుందంటే ఆ చప్పుడు దుప్పికి వినిపించేస్తుందేమో అని భయమేసింది. మొదటిసారి ఎలా ఉందో అచ్చం అలాగే, రవ్వంత కూడా తగ్గలా.

తెలియని వాళ్ళ కోసం ముందు నా సంగతి చెప్తాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మా గజపతి జిల్లాలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ. ఉద్యోగానికి అమెరికా వెళ్ళి విస్కాన్సిన్‌లో చాలాకాలం ఉన్నా, నాన్నగారికి ఒంట్లో బాగోలేకపోతే తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయా. అక్కడ ఉన్నప్పుడు మా ఆఫీసులో ఒక పెద్దాయన, పాల ఫారం ఉన్న కుటుంబం వాళ్ళది, ఆయన నన్ను వేటకి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడంటే జీపెక్కించి తుపాకీ చేతికిచ్చి కాల్చెయ్యమనలేదు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి పంపించాడు. 1973 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళు ఎవరైనా సరే ఆ కోర్సు పాసవ్వకపోతే అక్కడ మామూలుగా లైసెన్సు ఇవ్వరు. మన వీసా వాళ్ళకి ఇంకో మెలిక ఉంది, హెచ్1బీ మీద ఉన్నవాడు మామూలుగా తుపాకీ పట్టుకోకూడదు, కానీ రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే ఫెడరల్ చట్టంలో దానికి మినహాయింపు ఉంది. ఇవన్నీ చదువుకుని, పరీక్ష రాసి, టార్గెట్ మీద కాల్చి కాల్చి భుజం వాచాక గానీ ఆయన నన్ను అడవిలోకి రానివ్వలేదు.

అక్కడ రైఫిల్ సీజన్ అంటే తొమ్మిది రోజులు, థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలవుతుంది. ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోతాయి, సంక్రాంతికి మనవాళ్ళు ఊరెళ్ళినట్టే. నడుం పైన వేసుకున్న బట్టల్లో కనీసం సగం మెరిసే ఆరెంజ్ రంగులో ఉండాలి, ఇంకో వేటగాడు నిన్ను చూసి దుప్పి అనుకోకుండా. 2016 నుంచి గులాబీ రంగు కూడా ఒప్పుకుంటున్నారు.

తెల్లారకముందే వెళ్ళి చెట్టు మీద స్టాండ్‌లో, పడిపోకుండా ఒంటికి సేఫ్టీ హార్నెస్ కట్టుకుని కూర్చోవాలి. చలి ఎలా ఉంటుందంటే కళ్ళల్లో నీళ్ళు కూడా చల్లగా తగుల్తాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని కూర్చోవాలి, ఎందుకంటే నీ వాసన దుప్పి వైపు వెళ్ళిందా నీ రోజు అయిపోయినట్టే, నువ్వు దాన్ని చూడను కూడా చూడవు. చీకట్లో ఏమీ కనపడదు, వినడమే. ఉడత ఎండుటాకుల మీద గెంతితే ఎంత చప్పుడో, ఏనుగు వస్తోందనుకుంటావు, దుప్పి నడిస్తే మాత్రం రెండడుగులు, ఆగడం, మళ్ళీ ఒకడుగు, చాలాసేపు ఆగడం. ఆ తేడా చెవికి పట్టడానికి నాకు చాలాకాలం పట్టింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవి దాన్ని మర్చిపోలా. మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పుతూ చూస్తుంటే ముందు చెవి ఒకటి కదుల్తుంది, తర్వాత కాలు, అప్పటిదాకా కొమ్మ అనుకున్నది కొమ్ము. మొత్తం దుప్పి ఒకేసారి ఎప్పుడూ కనపడదు, ముక్కలు ముక్కలుగా పోగవుతుంది. అప్పుడు మొదలవుతుంది దడ. చేతులు వణుకుతాయి, ఊపిరి అందదు, ఎంత అనుభవం ఉన్నవాడికైనా సరే, బక్ ఫీవర్ అంటారు దాన్ని. ఆ పెద్దాయన ఏమనేవాడంటే, ఈ వణుకు రావడం మానేసిన రోజున రైఫిల్ ఎవరికైనా ఇచ్చేస్తాను అని. నాకు అప్పట్లో అది డైలాగులా అనిపించేది. ఇప్పుడు నా మాట కూడా అదే.

ట్రిగ్గర్ నొక్కితే పని అయిపోలేదు. ముందు కాలి భుజం వెనకాల, గుండె ఊపిరితిత్తులు ఉండే చోట తగలాలి, అలా తగిలే యాంగిల్ లేకపోతే కాల్చకూడదు, ఎంత పెద్ద కొమ్ములున్నా సరే వదిలెయ్యాల్సిందే. కాల్చాక పరిగెత్తుకుంటూ వెనక పడకూడదు, కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలి. తరిమితే దెబ్బతిన్న దుప్పి మైళ్ళు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. తర్వాత నెత్తురు చూసుకుంటూ వెళ్ళాలి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తికి తగిలినట్టు, దొరికేస్తుంది. ముదురు రంగైతే కాలేయం. పచ్చగా ఏదైనా కలిసుంటే పొట్టలో తగిలింది, అప్పుడు గంటలు గంటలు ఆగాలి, ఆగడం చాలా కష్టం, ఆగాల్సిందే. దొరికేదాకా వెతకడం మన బాధ్యత. మొన్న నేను కొట్టింది పొలం గట్టు దాకా వెళ్ళి పడింది. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, సంతోషమూ ఉంది, బాధా ఉంది, రెండూ కలిసే ఉంటాయి, విడదీసి చెప్పమంటే నావల్ల కాదు.

ఇక మా పెద్దమ్మ లాంటి వాళ్ళు నోరులేని జీవాన్ని చంపడం పాపం కదరా అంటారు. పెద్దమ్మా, నీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నువ్వు జన్మలో మాంసం ముట్టలేదు, నీకు ఆ మాట అనే హక్కుంది, నేను కాదనను. కానీ ఆదివారం ఆదివారం రెండు కేజీల కోడి స్కిన్‌లెస్ కొట్టించుకుని తెచ్చుకునేవాళ్ళు నాకు పాపం గురించి చెప్తుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ కోడి ఒక్క రోజైనా ఎండ చూసిందా? నేను తిన్న దుప్పి చచ్చే క్షణం దాకా స్వేచ్ఛగా బతికింది, దాని చావు నా చేత్తో జరిగింది, దాన్ని కోసిందీ నేనే, వండిందీ నేనే. (వండటం అంటే గుర్తొచ్చింది, దుప్పి కొవ్వు అంతా తీసెయ్యాలి, నోట్లో మైనంలా పేరుకుంటుంది. మాంసంలో మాత్రం కొవ్వు ఉండదు, గట్టిగా ఉంటుంది. అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున కుక్కర్లో మేక మాంసం కన్నా ఇంకో నాలుగు కూతలు ఎక్కువ రానిస్తే అప్పుడు మెత్తబడుద్ది.)

ఇప్పుడు రెండో బ్యాచ్ సంగతి. అసలు నేను ఇది రాస్తున్నదే వీళ్ళ కోసం. మొన్న కొట్టిన దుప్పితో నా ఫొటో చూసి ఎంతమంది ఫోన్లు చేశారో. బావా మహేంద్రగిరి వైపు ఒక రాత్రి వెళ్దాం, జీపు మాది, లైటు ఉంది, నాటు తుపాకీ వాడొకడు తెలుసు, కణితి (సాంబార్ జింక) దొరికితే పండగే అని. ఒరేయ్, దాన్ని వేట అనకండి. రాత్రి పూట లైటు కళ్ళల్లో కొడితే జింకలాంటి జంతువు కదలకుండా నిలబడిపోతుంది, నిలబడిన దాన్ని కాల్చడంలో ఏముంది? గాలి చూసుకున్నారా, అడుగు విన్నారా, గాయపడి పారిపోయిన దాన్ని మర్నాడు వెతికారా? ఇంక కరెంటు తీగలు పెట్టేవాళ్ళ గురించి ఏం మాట్లాడతాం, పంది కోసమని పెడతారు, ఏనుగులు చస్తాయి, ఒక్కోసారి పొలానికి వెళ్ళిన మనుషులే చస్తారు.

మా తాతయ్యకి లైసెన్సు తుపాకీ ఉండేది, 1972లో వన్యప్రాణి చట్టం రాక ముందు మాట. ఆయన చెప్పిన వేట కథలు వింటూనే నేను పెరిగా. మహేంద్రగిరి పాదాల దగ్గర దుప్పుల మందలు, కణితి పిలుపులు, అదంతా ఆయన కళ్ళతో చూసింది. అదే కొండల కింద నేను పెరిగాను, చిన్నప్పుడు మొరిగే జింక అరుపు ఒకటి రెండుసార్లు విన్నా, అంతే. ఏమయ్యాయి అన్నీ? తాతయ్య లాంటి నలుగురు తిన్నారని అయిపోలేదు. అమ్మకానికి అయిపోయాయి. అడవి నరికేశారు, ఉన్నవాటిని ఉచ్చు పెట్టి, లైటు పెట్టి పట్టి సంతల్లో, దాబాల వెనకాల, తెలిసినవాళ్ళకి తెలిసినట్టు అమ్మేశారు.

అమెరికాలోనూ అచ్చం ఇదే జరిగింది, ఇది మనవాళ్ళకి తెలీదు. 1900 ప్రాంతానికి దేశం మొత్తం మీద తెల్లతోక దుప్పులు ఐదు లక్షలకి పడిపోయాయని అంచనా. మాంసం, తోలు పట్నాలకి రైళ్ళలో పంపి అమ్ముకునే వేటగాళ్ళే అందుకు పెద్ద కారణం. 1900లో లేసీ చట్టం తెచ్చారు, దొంగ వేట మాంసం రాష్ట్రం దాటించి అమ్మడం నేరం చేశారు. 1937లో ఇంకో చట్టం, రైఫిళ్ళ మీద తూటాల మీద 11 శాతం పన్ను, ఆ డబ్బు వన్యప్రాణులకే ఖర్చు పెట్టాలి. ఇవాళ దేశంలో దుప్పులు మూడు కోట్ల దాకా ఉంటాయంటారు, ఎక్కువైపోయి పంటలు మేస్తున్నాయి, కార్లకి అడ్డం పడుతున్నాయి. అందుకే వేట ఉంది అక్కడ. నేను కొట్టిన దుప్పిని మర్నాడు సాయంత్రం ఐదు లోపు రిజిస్టర్ చెయ్యాలి, లెక్కలో పడాలి. దాని మాంసంలో ఒక్క ముక్క కూడా నేను అమ్మకూడదు, తినొచ్చు, స్నేహితులకి ఇవ్వొచ్చు, పేదలకి అన్నం పెట్టేచోట దానం చెయ్యొచ్చు, అంతే. డబ్బు పుచ్చుకున్నానా, నేరస్తుణ్ణి.

అందుకే మన దగ్గర కూడా లైసెన్సు వేట పెట్టాలి అని నా నోటితో అనిపించాలని చూసేవాళ్ళకి చెప్తున్నా, నేను అనను. లెక్క పెట్టడానికి జంతువు ఉండాలి కదా ముందు. మన చట్టంలో 1991లో వేట దాదాపు పూర్తిగా ఆపేశారు, మంచి పని చేశారు, మన కొండలకి అదే కావాలి. కోరాపుట్ వైపు చైత్ర పరబ్‌కి, అరకు వైపు ఇటుకల పండక్కి మగవాళ్ళు అడవికి వెళ్ళే ఆచారం ఉంది కదా, వాళ్ళనేం చేస్తారు అని తెలివిగా అడుగుతారు. వాళ్ళని అడ్డం పెట్టుకోకండి. తరాలుగా అడవిలో బతుకుతున్న ఆదివాసీని, సాయంత్రం మందులోకి నంజుకోవడానికి కేజీ లెక్కన ఆర్డరిచ్చే టౌను మనిషిని ఒకే గాటన కట్టకండి. తుపాకీ కాల్చినవాడు ఎప్పుడైనా దొరుకుతాడు, డబ్బులిచ్చినవాడు ఎప్పుడూ దొరకడు, నాకు మంట అక్కడే.

ఆపితే ఏమవుతుందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, మన పక్క గంజాం జిల్లాకి వెళ్ళండి. బలిపదర్, భేత్నోయి చుట్టుపక్కల ఊళ్ళలో కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి, వరి మేస్తాయి, ఎవరూ రాయి కూడా వెయ్యరు. ఎప్పుడో పెద్ద కరువులో ఆ జింకలు ఊళ్ళోకి వచ్చాక వానలు పడ్డాయట, అప్పటి నుంచి అవి శుభం అని నమ్మకం. 2015 లెక్కల్లో 3,806 ఉంటే 2021లో 7,358 వచ్చాయి. పంట నష్టం భరించి పేద రైతులు సాధించింది ఇది. నేను వెళ్ళి చూశాను, నల్లటి మగ జింక కొమ్ములు వెనక్కి వాల్చి గెంతితే నాకు మళ్ళీ అదే దడ, అదే వణుకు, వేలు ట్రిగ్గర్ కోసం మెలితిరిగింది, అబద్ధం చెప్పను. వేటగాడి ఒళ్ళు అంతే. మన దేశంలో ఆ వేలు అలా మెలితిరిగి ఊరుకోవాలి, కృష్ణజింక వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జాబితాలో ఉంది, ముట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, ఆ జైలు లేకపోయినా సరే నేను ముట్టను.

నాకు వీలైతే వచ్చే నవంబర్లో మళ్ళీ విస్కాన్సిన్ వెళ్తాను, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ వెళ్తాను, దాని గురించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను. ఇక్కడ మాత్రం జీపు ప్రోగ్రాం అని నాకు ఫోన్ చెయ్యొద్దు. ఫలానా చోట కణితి మాంసం దొరుకుతోంది, రేటు ఇంత అని మెసేజ్ పెడితే అది స్క్రీన్‌షాట్ తీసి నేరుగా ఫారెస్ట్ వాళ్ళకి పంపిస్తాను, బంధువులైనా సరే, చిన్నప్పటి స్నేహితులైనా సరే. ముందే చెప్పాను కాబట్టి తర్వాత నన్ను తిట్టుకోవద్దు.