అవిశ్వాసానికి సెలవు చీటీ

ప్రధాని కుర్చీ నిలవాలంటే సభలో మెజారిటీ ఉండాలని పౌరశాస్త్రం పుస్తకాలు మనచేత బట్టీ పట్టించాయి. 2008 డిసెంబరులో కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఆ పాఠానికి చిన్న సవరణ చేశారు. మెజారిటీ కావాల్సిన మాట నిజమే, కాకపోతే సభ నడుస్తుంటేనే. సభే లేనప్పుడు మెజారిటీతో పనేముంది?

హార్పర్ గారు చట్టాల మనిషి. ప్రధానులు తమకు వీలు చూసుకుని ఎన్నికలు పెట్టుకునే దురాచారాన్ని రూపుమాపడానికి 2007లో చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఎన్నికలు 2009 అక్టోబరు 19న జరగాలి. 2008 అక్టోబరు 14నే ఆయన జరిపించేశారు. రాచరికం తరఫున సభను రద్దు చేసే గవర్నర్ జనరల్ అధికారాలకు ఈ చట్టం అడ్డురాదన్న వాక్యాన్ని ముందుచూపుతో అందులోనే రాయించి పెట్టుకున్నారు లెండి. ఇంతా చేస్తే 308 స్థానాల్లో ఆయన పార్టీ కన్సర్వేటివ్‌లకు దక్కినవి 143.

ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంతో బెంబేలెత్తుతున్న రోజులవి. నవంబరు 27న ఆర్థికమంత్రి జిమ్ ఫ్లాహర్టీ సభలో లేచి, మన ఖజానాకు లోటు లేదు, మిగులేనని ప్రకటించారు. పనిలో పనిగా ఫెడరల్ ఉద్యోగుల సమ్మె హక్కు మీద కొన్నేళ్లపాటు వేటు వేస్తామన్నారు. పార్టీలకు వచ్చిన ఒక్కో ఓటుకి ఏటా సర్కారు అప్పట్లో ఇచ్చే 1.95 డాలర్ల సాయాన్నీ ఎత్తేస్తామన్నారు. కన్సర్వేటివ్‌లకు చందాలు దండిగా వస్తాయి, ఫరవాలేదు. మిగతా పార్టీల ఇల్లు గడిచేది ఆ సొమ్ముతోనే.

అంతే, ప్రతిపక్షాలకు కార్మికుల కష్టం, పేదల కన్నీళ్లు, మాంద్యం, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. ఓటుకి 1.95 డాలర్లు కదిలిస్తే అంతరాత్మ మేలుకుంటుందని అర్థశాస్త్రంలో ఎవరూ రాయలేదు, రాయాల్సింది. ఎన్నికల ప్రచారంలో ఎన్డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ)తో సంకీర్ణం కుదరదు గాక కుదరదన్న లిబరల్ నాయకుడు స్టెఫాన్ డియోన్, డిసెంబరు 1న అదే ఎన్డీపీ నాయకుడు జాక్ లేటన్ పక్కన కూర్చుని సంకీర్ణ ఒప్పందం మీద సంతకం పెట్టారు. క్యూబెక్ రాష్ట్రం వేరే దేశం కావాలనే బ్లాక్ క్యూబెక్వా నాయకుడు జిల్ డ్యూసెప్ బయటి నుంచి మద్దతిస్తానన్నారు. ఈలోగా ఫ్లాహర్టీ సాయం కోతను వెనక్కి తీసుకున్నారు. కానీ ఒకసారి మేలుకున్న అంతరాత్మ మళ్లీ పడుకుంటుందా?

అప్పుడు హార్పర్ గారికి దేశం ముక్కలైపోతున్నట్టు కనిపించింది. వేర్పాటువాదులతో చేతులు కలుపుతారా అని ఉరిమారు. సంతకాల వేళ వాళ్ల వెనక కెనడా జెండా కూడా లేదని సభలో అన్నారు. ఫొటోలు తిరగేస్తే జెండాలు నిక్షేపంలా ఉన్నాయి. ఇంకో పాత కాగితం కూడా బయటికొచ్చింది. 2004లో పాల్ మార్టిన్ మైనారిటీ ప్రభుత్వం నడుస్తున్నప్పుడు, ప్రధాని సభను రద్దు చేయమంటే వెంటనే ఒప్పుకోవద్దు, మమ్మల్ని కూడా సంప్రదించండి అని నాటి గవర్నర్ జనరల్‌కు ముగ్గురు నాయకులు ఉత్తరం రాశారు. ఒకరు లేటన్, ఒకరు డ్యూసెప్. మూడో సంతకం హార్పర్ గారిది. అప్పుడు డ్యూసెప్ గారు దేశభక్తుడే అయ్యుండాలి.

ప్రజలు ఎన్నుకున్న ప్రధానిని ఎన్నికలు లేకుండా దించడం అప్రజాస్వామికమన్నది హార్పర్ వాదనలో అసలు ముక్క. వినడానికి ఎంత బాగుందో! కెనడాలో ప్రధానిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. సభ ఎవరిని నమ్మితే వాళ్లే ప్రధాని. 1867 నాటి రాజ్యాంగ చట్టం మొత్తం గాలించినా ప్రధాని అనే పదవే కనిపించదు. అంతా సంప్రదాయం. సంప్రదాయాన్ని కాగితం మీద పెట్టకపోతే, దాన్ని గట్టిగా తెలిసినవాడికంటే గట్టిగా అరిచేవాడిదే పైచేయి. డియోన్ గారికి అరవడం రాదు. డిసెంబరు 3 రాత్రి జాతినుద్దేశించి ఆయన రికార్డు చేసిన వీడియో చానళ్లకు ఆలస్యంగా చేరింది. చేరాక చూస్తే మొహం మసక. ప్రత్యామ్నాయ ప్రధాని ఎలా ఉంటాడో జనానికి సరిగ్గా కనపడనే లేదు.

మర్నాడు ఉదయం హార్పర్ గవర్నర్ జనరల్ నివాసమైన రీడో హాల్‌కు వెళ్లారు. గవర్నర్ జనరల్ మిషేల్ జాన్ యూరప్ పర్యటన మధ్యలో ఆపుకొని వచ్చారు. డిసెంబరు 8న అవిశ్వాస ఓటు. అదీ ఒకసారి వాయిదా వేసిన ఓటే. లోపల రెండు గంటలు దాటింది, బయట చలిలో విలేకరులు. చివరికి పార్లమెంటు ప్రొరోగ్ అయింది, అంటే సమావేశాలకు సెలవు, జనవరి 26 దాకా. పరీక్ష తప్పడం ఖాయమని తెలిసిన కుర్రాడు హెడ్మాస్టరు చేత బడికే తాళం వేయించినట్టు.

సెలవుల్లో ఖాళీగా ఉండటమెందుకని, ఎగువ సభ సెనేట్‌కు ఎన్నికలు జరగాలని జీవితమంతా వాదించిన హార్పర్ గారు డిసెంబరు 22న ఒక్క కలంపోటుతో 18 మంది సెనేటర్లను నియమించారు. లిబరల్స్ డియోన్‌ను మార్చి మైకేల్ ఇగ్నాటియెఫ్‌ను తెచ్చుకున్నారు. మిగులన్న నోటితోనే ఫ్లాహర్టీ జనవరిలో దాదాపు 3,400 కోట్ల డాలర్ల లోటు బడ్జెట్ చదివారు. ఇగ్నాటియెఫ్ దానికి ఓటేశారు. సంకీర్ణం కథ కంచికి.

మందు పనిచేసిందని తెలిశాక ఊరుకుంటారా? 2009 డిసెంబరు 30న, అఫ్గానిస్థాన్‌లో కెనడా సైన్యం పట్టి అప్పగించిన ఖైదీల వ్యవహారం మీద సభ నిలదీస్తున్న వేళ, ఈసారి రీడో హాల్ దాకా వెళ్లే శ్రమ కూడా లేకుండా ఫోన్‌లోనే ప్రొరోగ్ అడిగి పుచ్చుకున్నారు. 2011 మార్చిలో సభాధిక్కారం కింద ప్రభుత్వాన్ని 156-145తో సభ కూల్చింది. మే నెలలో ఓటర్లు అదే హార్పర్‌కు 166 సీట్లిచ్చి పూర్తి మెజారిటీతో గెలిపించారు.

హార్పర్ చేసినట్టు ఇబ్బందులు తప్పించుకోవడానికి పార్లమెంటును ప్రొరోగ్ చేయబోమని 2015లో లిబరల్స్ మేనిఫెస్టోలో రాసుకున్నారు. 2025 జనవరి 6న, ప్రతిపక్షాలన్నీ అవిశ్వాసానికి కాచుకుని ఉండగా, నాటి లిబరల్ ప్రధాని జస్టిన్ ట్రూడో మార్చి 24 దాకా పార్లమెంటును ప్రొరోగ్ చేయించారు. దేశం సంక్షోభంలో ఉంటే సభకు తాళమా అని కన్సర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలీవ్ మండిపడ్డారు. 2008లో హార్పర్ ఇప్పించిన సెలవులు హాయిగా గడిపిన ఎంపీల్లో ఆయనా ఒకరు.