తాతలు తాగిన నేతికి రసీదు ఉందా?

‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అనేవాళ్లను చూసి మనం నవ్వుకుంటాం. అమెరికాలో అలాంటివాళ్లకు సంఘాలే ఉన్నాయి. కాకపోతే అక్కడ వాసనతో పని జరగదు, కాగితం చూపించాలి. 1889లో పుట్టిన సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, అందులో ఆడవాళ్లకు చోటు లేదన్నందుకు 1890లో పుట్టిన డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్... ఎందులో చేరాలన్నా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన, లేదా దానికి సాయపడిన పూర్వీకుడి దాకా ఒక్కో తరాన్నీ రుజువు చేసుకుంటూ వెళ్లాలి. జనన మరణాల నమోదు, పెళ్లి పత్రం, వీలునామా, జనగణన పుస్తకం, ఏదో ఒకటి ఉండాలి. మధ్యలో ఒక్క లంకె తెగినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ‘మా నాయనమ్మ చెప్పేది’ అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంత వడపోత దాటి వచ్చినవాళ్లు నెలకోసారి ఏ లైబ్రరీ గదిలోనో, హోటల్ హాల్లోనో కలుస్తారు. ప్రార్థన, జెండాకు ప్రతిజ్ఞ, కిందటి నెల మినిట్స్, జమాఖర్చులు, ఆ తర్వాత వక్త. ప్రసంగం అయ్యాక చప్పట్లు, ఒక ప్రశంసాపత్రం, ఫొటో. నా పేచీ అంతా ఆ ప్రసంగంతోనే. సభ్యుడి ముత్తాతను అడిగినంత గట్టిగా వక్త కథను ఎవరూ నిలదీయరు.

జెండా కథే తీసుకోండి. అమెరికా తొలి జెండా కుట్టించడానికి 1776లో సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్ స్వయంగా ఫిలడెల్ఫియాలో కుట్టుపని చేసే బెట్సీ రాస్ ఇంటికి వచ్చాడట. నక్షత్రానికి ఆరు కోణాలెందుకు, అయిదు తేలిక అంటూ ఆమె కాగితం మడిచి ఒక్క కత్తెర వేటుతో చేసి చూపించిందట. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ ఈ కథ లోకానికెక్కింది 1870లో, ఆమె మనవడు విలియం కాన్బీ పెన్సిల్వేనియా చరిత్ర సంఘంలో చదివిన ప్రసంగంతో. ఆ కాలపు రాతల్లో దీనికి ఆధారం దొరకలేదు. జెండా నమూనా తనదేనంటూ 1780లో ప్రభుత్వానికి బిల్లు పెట్టిన ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ మాత్రం కాగితం మీద ఉన్నాడు (పాపం, డబ్బు ముట్టలేదు). అంటే బెట్సీ కథ జనంలోకి వచ్చిందే ఇలాంటి ఒక సమావేశంలో, ఒక వక్త నోటి నుంచి. కాన్బీ అదే మాటను ఈనాటి దరఖాస్తుకు జత చేస్తే తిరిగొచ్చేస్తుంది.

నెలకోసారి సరదాగా కలిసే పెద్దవాళ్లకు ఈ పరీక్షలెందుకు అనొచ్చు. నిజమే, ప్రతి నెలా ఒక వక్తను వెతికి తేవడమే పెద్ద తలనొప్పి. కానీ ఆధారమంటే రుచీపచీ లేని సరుకనుకోవడం పొరపాటు. స్వాతంత్ర్య యుద్ధ సైనికులకు 1832 పింఛను చట్టం వచ్చాక, కాగితాలు లేని ముసలి సైనికులు కోర్టులో ప్రమాణం చేసి, ఏ కెప్టెన్ కింద ఎక్కడెక్కడ నడిచారో గుర్తున్నంత చెప్పుకున్నారు. కొందరు వితంతువులు పెళ్లి నిరూపించుకోవడానికి ఇంటి బైబిల్లో పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న పేజీనే చింపి పంపారు. ఆ పేజీలు ఇవాళ్టికీ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి. తడబాట్లతో సహా అలాంటి ఒక్క ఫైలు చదివి వినిపించినా కత్తెర కథ వెలవెలబోతుంది.

వేదిక ఎవరికి దక్కుతుందన్నది ఇంకో కథ. 1939లో డాటర్స్ సంఘం తన కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్‌ను పాడనివ్వలేదు. అందుకు నిరసనగా అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వం వదులుకుంది. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడితే దాదాపు 75 వేలమంది విన్నారు. తర్వాత 1977లో అదే సంఘంలో కరెన్ బ్యాచిలర్ ఫార్మర్ అనే నల్లజాతి మహిళ సభ్యురాలైంది. తన వంశాన్ని తరం తరం తవ్వుకుంటూ వెళ్లి, యుద్ధకాలపు పూర్వీకుణ్ణి పట్టుకుని మరీ వచ్చింది. 2008లో సంఘమే నల్లజాతి, ఆదివాసీ యోధుల పేర్లతో పెద్ద పుస్తకం వేసింది. నెలనెలా వక్త దొరకడం లేదనే శాఖలు ఆ పుస్తకంలోంచి తమ ప్రాంతపు పేరొకటి ఎంచుకుంటే చాలు, ఒక సాయంత్రం గడిచిపోతుంది.

2026 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250వ ఏడు. వక్తలకు గిరాకీ ఉండే కాలం. ప్రశంసాపత్రం చేతికిచ్చే ముందు అధ్యక్షుడు నవ్వుతూనే ఒక్క ప్రశ్న వేయొచ్చు: ‘బాగుందండీ, ఇది ఎక్కడ చూశారు?’