ఊహల విందుకు నిజం గారెలు

మా ఆఫీసులో మూడు నెలలకోసారి అందర్నీ గుండ్రంగా కూచోబెట్టి, ఒకరంటే ఒకరికి బలవంతాన ప్రేమ పుట్టిస్తారు. పదకొండేళ్ళుగా పక్క కుర్చీలో ఉన్నవాడికి ఏ రంగు ఇష్టమో మనకి ఆరోజే తెలుస్తుంది. ఈసారి ఇంటికి హోంవర్కు కూడా ఇచ్చారు. చరిత్రలో పుట్టి పోయినవాళ్ళలో ఏడుగురిని భోజనానికి పిలవాల్సొస్తే ఎవర్ని పిలుస్తారో సోమవారానికి రాసుకు రమ్మన్నారు.

పక్క కుర్చీవాడు అక్కడికక్కడే ఐన్‌స్టీన్, గాంధీగారు, చార్లీ చాప్లిన్ అంటూ గీకేసి కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. నాకది నచ్చలేదు. ఐన్‌స్టీన్‌ని పిలిచి గోంగూర వడ్డించి ఆయన కళ్ళనీళ్ళు చూడటం తప్ప నేను చేసేదేముంది? పిలిస్తే మనవాళ్ళనే పిలవాలి. పప్పుచారు పోస్తుంటే చాలనడానికి చెయ్యి ఎలా అడ్డుపెట్టాలో తెలిసినవాళ్ళని.

బుధవారం రాత్రి కరెంటు పోయింది. ఒక శుభలేఖ కవరు వెనకాల రాద్దామని నేనూ మా ఆవిడా బాల్కనీలో కూచున్నాం.

"ఏ రోజు?" అంది.

"ఊహే కదా, ఏ రోజైతేనేం?"

"ఊహైనా రోజంటూ ఉండాలి. శనివారం పెట్టారనుకోండి, మనం నీచు ముట్టం. వచ్చినవాళ్ళకి పప్పూ అప్పడమూ పెట్టి పంపుతారా?"

కవరు మీద "ఆదివారం రాత్రి 8 గంటలకు భోజనం" అని రాశాను. ఈ ఒక్క ముక్కా రాయకపోయి ఉంటే తర్వాత కథే లేదు.

మొదటి పేరు తడుముకోకుండా శ్రీనాథుడని రాశాను. కవిసార్వభౌముడు. విజయనగరంలో కనకాభిషేకం చేయించుకున్నవాడు. తిండీ తీర్థం, సుఖం సరదా తెలిసిన మనిషి. పక్కన కూచుంటే రాత్రి ఎంతైనా పొద్దు తెలీదు.

"ఆయన నా గడప తొక్కడానికి వీల్లేదు" అంది మా ఆవిడ.

వాళ్ళది నరసరావుపేట దగ్గర. నేను మర్చిపోయాను. శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్న చాటువుల్లో పల్నాడుని తిట్టిపోసినవి కొన్ని ఉన్నాయి. నాపరాళ్ళు, సజ్జ జొన్న కూళ్ళు, పాములు, తేళ్ళు అంటూ పంచనామా రాసినట్టు రాశాడు. ఇంకో పద్యంలో ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన దగ్గర విషం తాగాను, కార్చిచ్చు మింగాను అని నీలగడం కాదయ్యా, చింతచిగురు వేసి వండిన వేడి వేడి బచ్చలికూరతో ఇక్కడి జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, అప్పుడు చూద్దాం నీ పస అని.

"ఆరొందల ఏళ్ళ నాటి మాట కదే" అన్నాను.

"ఆయన తిన్న ముద్దకి ఆరొందల ఏళ్ళేమో. నేను పడ్డ మాటకి పద్నాలుగేళ్ళే. పెళ్ళిచూపుల్లో మీ మేనత్త ఆ పద్యం రాగం తీసి మరీ చదవలేదూ? అయినా చింతచిగురు వేసిన బచ్చలికూరని తిట్టినవాడికి నాలుకుందంటే నేను నమ్మను. ఆయన కొలువు చేసిన కొండవీడు ఇప్పుడు మా పల్నాడు జిల్లాలోనే ఉంది. ఉద్యోగం మా జిల్లాలో, ఏడుపు మా జిల్లా మీదా!"

చాలాసేపు బేరమాడాక కొట్టెయ్యకుండా "శ్రీనాథ్, డౌటు" అని రాసుకున్నాం.

రెండో పేరు తనదే, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపేసిన పిల్ల. అప్పటికి పద్నాలుగేళ్ళు.

"ఈవిణ్ణి గేటు దగ్గర నిలబెడదాం. ఆ శ్రీనాథుడెలా వస్తాడో నేనూ చూస్తా" అంది.

వేమనని కూడా అనుకున్నాం గానీ, బొమ్మల్లో కనిపించినట్టే వచ్చేస్తే మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఏమంటాడో అని ఊరుకున్నాం. పేరు, ఫోన్ నంబరు చెప్పి, ఓటీపీ వస్తే గానీ పాలవాణ్ణి కూడా రానివ్వడతను. వేమన ఫోను ఎక్కడ పెట్టుకుంటాడు?

తర్వాత కోడి రామ్మూర్తి నాయుడు. ఉత్తరాంధ్ర వీరఘట్టంలో పుట్టిన మల్లుడు, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నవాడు.

"అంత మనిషికి ఎన్ని కోళ్ళు కొయ్యాలి?" అంది మా ఆవిడ.

"ఒక్కటీ అక్కర్లేదు. కోడి ఇంటిపేరు. ఆయన శాకాహారి."

మా ఆవిడ కాసేపు చీకట్లోకి చూస్తూ ఊరుకుంది.

తర్వాత ఇద్దరు ఇంజనీర్లు. నేను కోనసీమవాణ్ణి, మా ఇంట్లో పుట్టే ప్రతి గింజకీ కాటన్ దొర బాకీ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి కాకపోతే మా తాతలు ఏ బర్మాకో కూలికి పోయేవారు. ఆయన పక్కన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు మళ్ళీ మునగకుండా పథకం వేసినాయన. వీళ్ళిద్దరినీ పక్కపక్కన కూచోబెట్టి పప్పుచారు వడ్డించడం నా చిరకాల కోరిక. అన్నం మధ్యలో గుంట చేసి చారు పోస్తే గట్టు ఎక్కడ తెగుతుందో ఇంతవరకూ ఏ తెలుగువాడూ ముందుగా చెప్పలేకపోయాడు. కాటన్ దొర అయితే మెతుకు మెతుకు పేర్చి ఆనకట్ట కడతాడు. విశ్వేశ్వరయ్యగారు ఊరుకుంటారా? 1903లోనే పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో నీరు ఎక్కువైతే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించిన మనిషి. అప్పడం విరిచి గట్టుకి గేటు బిగిస్తారు. నేను చారు పోస్తూనే ఉంటాను.

"వాళ్ళు తినేదెప్పుడు?" అంది మా ఆవిడ. పెద్ద ఇంజనీర్ల విషయంలో ఇలాంటి చిన్న ప్రశ్నలు వెయ్యకూడదు.

ఆరో పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పదమూడేళ్ళప్పుడు కాశీ పారిపోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి కోటీశ్వరుడవుదామనుకుంటే, వాళ్ళమ్మ పట్టుకొచ్చి బళ్ళో వేసిందంటారు. మా అత్తగారు కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేటు, దానికి తోడు వేసుకునే ఫోలిక్ యాసిడ్ రెండూ అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధనల చలవే. ఆ పేరు పక్కన "మాత్రలు" అని గుర్తుకి రాసుకున్నాను.

"అందరూ బాగానే ఉన్నారు. వంటెవరు చేస్తారు?" అంది మా ఆవిడ.

"ఊహే కదా."

"ఊహల్లో కూడా నేనేనా?"

అందుకని ఏడో పేరు డొక్కా సీతమ్మగారు. లంకల గన్నవరంలో ఆకలని వచ్చినవాడికి అర్ధరాత్రయినా పొయ్యి రాజేసి పెట్టిన తల్లి. మావైపు ఆవిడ కథ వినకుండా ఎవరూ పెద్దవాళ్ళవరు. ఒకసారి స్వామి దర్శనానికి అంతర్వేది బయల్దేరిందట. దారిలో ఆకలితో ఉన్నవాళ్ళెవరో "సీతమ్మగారింటికి వెళ్ళిపోతే అన్నం దొరుకుతుందిలే" అనుకోవడం చెవిన పడిందట. అంతే, అంతర్వేదీ లేదు, దర్శనమూ లేదు, వెనక్కి తిరిగి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి పిలుపొస్తే రానందనీ, ఫొటో మాత్రం వెళ్ళిందనీ చెప్పుకుంటారు.

"అంటే మనింటికీ రారు" అంది మా ఆవిడ.

"రారు. పిలవడం మర్యాద."

"ఆవిణ్ణి పిలుస్తున్నది భోజనానికా, వంటకా?"

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. కవరుని ఫ్రిజ్జుకి అయస్కాంతంతో అంటించి పడుకున్నాం. మర్చిపోయాం కూడా.

శనివారం మా అత్తగారు ఊర్నించి దిగారు. ఆదివారం పొద్దున ఆవిణ్ణి ఇంట్లో ఉంచి మేం శంకర్‌పల్లి దగ్గరెక్కడో గృహప్రవేశానికి వెళ్ళాం. అక్కడ మూడింటికి పెట్టారు భోజనం. ఆకలి మీద ఎంత తినకూడదో అంతా తినేశాం. ఏడింటికి మా అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే నాటుకోడి పులుసు వాసన గుప్పుమంది.

"ఎవరింట్లోనో గట్టిగానే చేస్తున్నారు" అన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు. తనకి వాళ్ళమ్మ మసాలా తెలుసు.

హాల్లో సోఫా అంచున ఒక కుర్రాడు కూచుని ఉన్నాడు. కాళ్ళ మధ్య పనిముట్ల సంచీ, చేతిలో ప్లేటు, ప్లేటులో ఐదు గారెలు.

"సుబ్బారావుగారు వచ్చేశారు బాబూ. మిగతావాళ్ళు ఎనిమిదింటికి కదూ" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

అల్లుడి స్నేహితుల గురించి అల్లుణ్ణి అడగడం వాళ్ళ ఊళ్ళో మర్యాద కాదు. కూతురు ఫోను ఎత్తలేదు, బాజాల మోతలో వినపడలేదు. ఏడుగురు పెద్దమనుషులు భోజనానికి వస్తున్నారని ఫ్రిజ్జు మీద రాసుంది, పనిపిల్లేమో సెలవు. ఆవిడ మోకాళ్ళనొప్పులతోనే సేరు మినప్పప్పు నానబోశారు. "కోడి రామ్మూర్తి నాయుడు" అని చదివి, నాయుడుగారు కోడి కావాలన్నారు కాబోలనుకుని వాచ్‌మన్ చేత నాటుకోడి తెప్పించారు. ఆ చేత్తోనే అతనికి పేర్లు కూడా చెప్పి, వీళ్ళొస్తే ఓటీపీలవీ అడక్కుండా పైకి పంపమన్నారు. ఇంతలో ఐదో అంతస్తు సుబ్బారావుగారింట్లో మంచినీళ్ళ మిషను బాగుచెయ్యడానికి ఈ కుర్రాడొచ్చి గేటు దగ్గర "సుబ్బారావుగారండీ" అన్నాడు. అంతకంటే అనలేదట పాపం.

"మిషనెక్కడమ్మా అని అడుగుతూనే ఉన్నా సార్, ముందు తినమంటున్నారు" అన్నాడు నాతో గుసగుసగా.

వంటింట్లో పులిహోర, పులుసు, గారెలు, జొన్నరొట్టెలు, ఊర్నించి తెచ్చిన చింతచిగురు వేసిన బచ్చలికూర.

"ఆ శ్రీనాథ్ అబ్బాయి డౌటని రాశావు గానీ, వస్తే మనవైపు కూర రుచి చూస్తాడని చేశానే" అన్నారు కూతురితో. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి పద్యం ఒక్కటే తక్కువ.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. మా ఆవిడ చెయ్యి గిల్లింది. పొద్దున్నించీ ఆ మోకాళ్ళతో నిలబడింది, చచ్చిపోయినవాళ్ళ కోసం వండావని ఎలా చెప్తారు అంది. అందుకని ఒక్క అబద్ధమూ ఆడకుండా నెట్టుకొచ్చాను.

"నాయుడుగారు అసలు మాంసం ముట్టరండీ."

"మరి కోడి అని రాశారు?"

"అది ఇంటిపేరండీ."

"దుర్గాబాయిగారు?"

"కాపురం ఢిల్లీలో పెట్టేశారండీ."

"విశ్వేశ్వరయ్యగారు?"

గోడ గడియారం చూశాను. "ఎనిమిదీ ఐదయింది కదండీ. ఆయన ఒక్క నిమిషం ఆలస్యం చేసే మనిషి కారు. ఇక రానట్టే."

"అవునులే, మాట ఇచ్చి రాని పెద్దమనుషులు" అని నిట్టూర్చారు. ఆ మహానుభావుడికి నావల్ల ఎంత మాటొచ్చిందో అని లెంపలేసుకున్నాను.

ఎనిమిదింబావుకి ఐదో అంతస్తు సుబ్బారావుగారే దిగొచ్చారు, మిషను మనిషిని రెండు గంటలుగా వెతుక్కుంటూ. కోపంగానే వచ్చారు గానీ పులుసు వాసన తగిలాక ఆ కోపం నిలబడలేదు. అలా ఏడుగురిలో ఒకరైనా వచ్చినట్టయింది. భోజనం మధ్యలో అత్తగారు మాత్రల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇవి మీరేనట కదా, ఎన్నాళ్ళు వాడమంటారని అడిగారు. ఆయన బ్యాంకులో రిటైరయిన మనిషి. కాసేపు డబ్బా అటూ ఇటూ తిప్పి, "డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడండమ్మా" అన్నారు. యల్లాప్రగడవారైనా ఇంతకన్నా ఏం చెబుతారు?

వాచ్‌మన్ కుటుంబం వచ్చి తినివెళ్ళింది. బచ్చలికూర గిన్నె మొదట ఖాళీ అయింది, ఆ సంగతి మా ఆవిడ నాకు రెండుసార్లు చూపించింది.

అంతా సర్దుకున్నాక అత్తగారు అడిగారు. "సీతమ్మగారు కూడా రాలేదేం?"

"ఆవిడ ఇల్లు కదలరండీ. ఎవరు పిలిచినా అంతే."

"అయ్యో, మోకాళ్ళా? నాలాగే పాపం." ఆవిడ లేచి నాలుగు గిన్నెల క్యారేజీ దింపారు. "పట్టుకెళ్ళి ఇచ్చిరండి బాబూ. ఒక్కత్తీ ఏం వండుకుని ఉంటుంది?"

ఇస్తూ ఇస్తూ ఒక పళ్ళెం కూడా చేతికిచ్చారు. పసుపు, కుంకుమ, మంగళగిరి నేత చీర. జాబితాలో సీతమ్మగారి పేరుకి కాస్త పైన "కాటన్" అని ఉంది కదా, ఆవిడ నూలు చీరలే కడతారు కాబోలనుకున్నారట. అది మా ఆవిడకని తెచ్చిన చీర. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆ చీరని సాగనంపింది.

స్కూటరు మీద కూచున్నాను. లంకల గన్నవరం వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేశాను. పావుగంటలో పైకెళ్తే ఇంత దగ్గరైతే నేనే వెళ్దును కదా అంటారు. తెల్లారి వెళ్తే బాగోదు. ఇంతలో డెలివరీ కుర్రాడొకడు ఎవరికో బిర్యానీ ఇచ్చి వస్తూ కనిపించాడు. తిన్నావా అంటే లేదన్నాడు. క్యారేజీ ఇచ్చాను.

"ఆర్డరు నంబరెంత సార్?"

"నంబరు లేదు. సీతమ్మగారు పంపారు."

"ఏ ఫ్లాటు?" అన్నాడు గారె తుంచుతూ.

సోమవారం ఆఫీసులో ఆ జాబితా ఎవరూ అడగలేదు. చీర ఇంకా స్కూటరు డిక్కీలోనే ఉంది. అత్తగారు ఊరెళ్ళాక పైకి తెద్దామనుకున్నాం. ఆవిడేమో ప్రయాణం వాయిదా వేసుకున్నారు. వచ్చే ఆదివారం మమ్మల్ని కూడా తీసుకుని సీతమ్మగారిని చూడ్డానికి వెళ్తారట. ఆ మాత్రల పేర్లు నన్ను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వమన్నారు.