కథేముందని అడిగేవారికి

తిరుపతిలో భారీ రాక్షస జంతువుల సినిమాకు వెళ్లడమంటే, గాడ్జిల్లా కంటే ముందుగా పక్క సీటులోని విమర్శకుణ్ణి భరించడమే. "ఇందులో కథేముంది సామీ?" అని ఆయన ఆట ముగిసేదాకా అడుగుతూనే ఉంటారు. కథే కావాలనుకుంటే ఈ సినిమాకు టికెట్ ఎందుకు కొన్నట్టు? 1954లో తొలి గాడ్జిల్లా చిత్రం కోసం జపాన్‌వారు ఒక నటుడికి బరువైన రబ్బరు తొడుగు వేసి, బొమ్మల టోక్యోను అతని చేత తొక్కించి, ప్రతి అడుగులోనూ బరువు కనిపించాలని కెమెరాను ఎక్కువ వేగంతో నడిపి, తెరపై కదలికలు నెమ్మదిగా కనిపించేలా చిత్రీకరించారు. (ఆ తొలి చిత్రంలో అణుబాంబు భయమనే గట్టి కథ కూడా ఉంది, అది వేరే సంగతి.) మనం చూడవలసింది ఆ బరువునూ, ఆ పరిమాణాన్నీ.

చూడనిస్తేగా! ఈ పోరాటాలు చాలావరకు రాత్రిపూట, వానలోనే జరుగుతాయి. త్రీడీ కళ్లద్దాలు కంటికి చేరే వెలుగును సగానికి పైగా మింగేస్తాయి. ఆపైన హాలువారు ప్రొజెక్టర్ వెలుగులోనూ పొదుపు పాటిస్తే, మహాకాయమేదో మబ్బేదో ఎవరికి తెలుస్తుంది? గీతలు పడిన ఆ కళ్లద్దాలకు మళ్లీ అద్దె ఒకటి! నేల దద్దరిల్లే ఘట్టంలోనే తలుపు తెరుచుకుని పాప్‌కార్న్ లోపలికి వస్తుంది, ముందు వరుసలో ఒకరు కూలుతున్న భవనాన్ని స్టేటస్ కోసం ఫోన్‌లో పట్టుకుంటారు. కొండ మీద క్యూలో గంటల తరబడి ఓపికగా నిలబడగలవారికి, రెండు గంటలపాటు ఫోన్‌ను జేబులో ఉంచుకోవడం అంత కష్టమా?