గంటకో చిన్న విమానం

(న్యూయార్క్‌లోని లగ్వార్డియా విమానాశ్రయం నుంచి వాషింగ్టన్‌కు గాలిలో 214 మైళ్లు, బోస్టన్‌కు 184. అమెరికాలో పేరున్న ఈ దారుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 76 సీట్ల జెట్లే. రాఘవ ఉద్యోగం మీద తరచు ఇటు తిరుగుతాడు. అతని అక్క భర్త సుధాకర్‌ది ఒక విమాన సంస్థలో టైంటేబుల్ వేసే పని. నా ఓటు రాఘవకే. అయినా సుధాకర్ మాటలు ఎక్కడా మింగలేదు.)

రాఘవ: బావగారూ, రెండు మహానగరాల మధ్య తిప్పేది ఈ డబ్బా విమానాన్నా? నిన్న తలుపు దాకా వెళ్ళాక, పై అరలో పట్టదంటూ నా చక్రాల పెట్టెకు చీటీ కట్టి లాక్కున్నారు. దిగాక దానికోసం ఆ ఇరుకు వంతెనలో గోడకు ఆనుకుని, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని అందరం వరుసగా నిలబడ్డాం. వెనకవాళ్ళు దిగడానికి దారి లేదు.

సుధాకర్: పెట్టె సంగతి సరే. నీ టికెట్టు ఎన్నింటికి?

రాఘవ: ఏడింటికి. పని ముందే అయిపోయిందని ఆరింటి విమానానికి మార్చుకున్నాను.

సుధాకర్: మేం అమ్మేది ఆ ఆరింటి విమానాన్నే నాయనా! 150 సీట్ల విమానం వేస్తే సర్వీసులు సగానికి తగ్గుతాయి, నువ్వు ఏడింటి దాకా అక్కడే కాఫీ తాగుతూ కూర్చుంటావు. పోటీ సంస్థ గంటకొకటి నడిపితే ఆఫీసు పని మీద వెళ్ళేవాడు మా టైంటేబుల్ వైపే చూడడు. ఎక్కువసార్లు ఎగిరేవాడికి దక్కే వాటా, వాడు ఎగిరే లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. ముందు తగ్గించుకున్నవాడే మునుగుతాడు. 1961లో ఈస్టర్న్ సంస్థ ఈ దారుల్లో షటిల్ మొదలుపెట్టి, ఒక్క ప్రయాణికుడు మిగిలినా ఇంకో విమానం వేస్తామంది. జనానికి కావలసింది విమానం సైజు కాదని వాళ్ళకు అప్పుడే తెలుసు.

రాఘవ: ఆ షటిల్‌లోనే తర్వాత బోయింగ్ 727లు గంటకొకటి తిరిగాయి కదా! విమానమూ పెద్దదే, వేళలూ దగ్గరే. ఇప్పుడెందుకు కుదరదు? నేను చెబుతాను, వినండి. లగ్వార్డియాలో రన్‌వేలు రెండే, అవీ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. గంటకు 71 రాకపోకలకు మించి షెడ్యూలు చేయకూడదని ప్రభుత్వమే పరిమితి పెట్టింది. అంటే దిగడానికో ఎగరడానికో ఇచ్చే ఒక్కో అనుమతీ, ఒక్కో స్లాటూ బంగారమే. దాన్ని 80 శాతం వాడకపోతే వెనక్కి తీసుకుంటారు. మరి ఎంత పెద్ద విమానంతో వాడాలి? ఆ నిబంధనలో సీట్ల ఊసే లేదు. 50 మందితో ఎగిరినా వాడినట్టే, 180 మందితో ఎగిరినా వాడినట్టే. పైగా ల్యాండింగ్ రుసుము బరువును బట్టి వేస్తారు. చిన్న విమానమూ రన్‌వే మీద దాదాపు అంతే సేపు ఉంటుంది, కట్టేది మాత్రం తక్కువ. స్లాటు చేజారకూడదు, ఖర్చు పెరగకూడదు, పక్కవాడు లోపలికి రాకూడదు. ఈ మూడూ కలిసొచ్చేది చిన్న జెట్‌తోనే. బస్సులో సీటు మీద తుండుగుడ్డ వేసి కిందికి దిగినట్టుంది మీ వ్యవహారం. నా సౌకర్యం కోసమే ఇదంతా అంటే నమ్మమంటారా?

సుధాకర్: తుండుగుడ్డ కాదు, డబ్బిచ్చి నడుపుతున్న విమానం. ఇంకో సంగతి, ఈ 76 అనే అంకె మేం పెట్టింది కాదు. పెద్ద సంస్థల పైలట్ల సంఘాలు ఒప్పందంలో రాయించుకున్నాయి. అనుబంధ సంస్థ నడిపే విమానంలో 76 సీట్లు దాటకూడదు, బరువు 86,000 పౌండ్లు మించకూడదు. అది దాటితే మా సొంత పైలట్లే నడపాలి.

రాఘవ: సొంత పైలట్లంటే ఎక్కువ జీతం. అందుకే గీతకు ఈవల ఆగారు. 70 మంది పట్టే విమానంలో 50 సీట్లే బిగించి సీఆర్‌జే-550 అని పేరు పెట్టిందీ ఆ గీతల పుణ్యమే కదా? కాళ్ళు చాపుకోవడానికి చోటు పెరిగిందని దానికి ప్రకటనలు కూడా ఇచ్చారు.

సుధాకర్: చోటు నిజంగానే పెరిగింది. (నవ్వాడు.) నువ్వు చెప్పిన 727ల రోజుల్లో ఎసెలా అనే వేగం రైలు లేదు. అది 2000 డిసెంబరులో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే సెప్టెంబరు 11 దాడులు, ఆపైన తనిఖీల వరుసలు. జనం రైలుకు మళ్ళారు. వాషింగ్టన్‌కైతే ఊరి నడిమధ్య నుంచి ఊరి నడిమధ్యకు మూడు గంటలు. రద్దీ దారి అని నువ్వు అనుకుంటున్న దానిలో ఇప్పుడు విమానం ఎక్కేవాళ్ళు అప్పటంతమంది లేరు. నీకు అంత ఇబ్బందిగా ఉంటే రైలెక్కు.

రాఘవ: ఎక్కుతాను! టికెట్టు ధర చూశారా ఎప్పుడైనా?

సుధాకర్: ముందు కొనుక్కుంటే తక్కువే. నువ్వు బయల్దేరే రోజు పొద్దున కొంటావు.

రాఘవ: ఆఫీసు వాళ్ళు ముందురోజు రాత్రి దాకా చెప్పకపోతే నేనేం చేసేది?

సుధాకర్: మీ అక్క కూడా ప్రతిదానికీ ఇదే అంటుంది.

రాఘవ: అక్కను ఇందులోకి లాగకండి. జపాన్ సంగతి చెప్పండి. అక్కడ ఎసెలాను తలదన్నే బుల్లెట్ రైళ్ళున్నాయి. టోక్యోలోని హనేడా విమానాశ్రయంలోనూ స్లాట్లకు కటకటే. అయినా అక్కడ దేశంలో తిరగడానికే 500కు పైగా సీట్లతో 747లు నడిపారు. చోటు తక్కువైతే విమానం పెద్దదవ్వాలి. ఇక్కడ మాత్రం చిన్నదైంది.

సుధాకర్: (కాసేపు ఆగి) జపాన్ లెక్క వేరు. అక్కడ ప్రధానంగా రెండే సంస్థలు, ఇక్కడ పోటీ ఎక్కువ. సరే, నీకు అధికారమిస్తే ఏం చేస్తావు? 2008లో న్యూయార్క్ స్లాట్లు వేలం వేస్తామన్నారు. కోర్టు ఆపింది. 2009లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది.

రాఘవ: కోర్టుకెక్కింది మీ విమాన సంస్థల సంఘమే. వేలం అక్కరలేదు. రద్దీ వేళల్లో రుసుము బరువుకు కాకుండా దిగినందుకు వేయండి, ఎవరికైనా ఒకటే ధర. ఇదేమీ కొత్త కాదు. 1968లో ఇదే న్యూయార్క్‌లో రద్దీ వేళ చిన్న విమానాల కనీస రుసుము 5 డాలర్ల నుంచి 25కు పెంచితే, సొంత విమానాలవాళ్ళు చాలామంది ఆ వేళల్లో రావడం మానుకున్నారు.

సుధాకర్: వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊరు బర్లింగ్టన్ వాళ్ళేం పాపం చేశారు? అలాంటి ఊళ్ళకు చిన్న విమానమే ఆధారం. నీ రుసుము బోస్టన్ ఏది, బర్లింగ్టన్ ఏది అని చూడదు. ముందు తెగేది చిన్న ఊరి సర్వీసే.

రాఘవ: అది నిజమే. (అతని దగ్గర దీనికి సిద్ధంగా జవాబు లేదు.) అలాంటి ఊళ్ళకు ప్రభుత్వం నేరుగా డబ్బిచ్చి సర్వీసు నిలబెట్టవచ్చు. 1978లో విమాన సంస్థల మీద నియంత్రణలు ఎత్తేసినప్పుడు మారుమూల ఊళ్ళ కోసం అలాంటి పథకమే పెట్టారు. వాళ్ళ పేరు చెప్పి వాషింగ్టన్ స్లాట్లు కాపాడుకోవడం మాత్రం ఒప్పుకోను. నా రుసుమే వచ్చిందనుకోండి, మీ టైంటేబుల్లో ముందు దేన్ని కొట్టేస్తారు? నిజం చెప్పండి.

సుధాకర్: మధ్యాహ్నం రెండింటి బోస్టన్ విమానాన్ని.

రాఘవ: ఎందుకు?

సుధాకర్: సగం కూడా నిండదు కాబట్టి.

రాఘవ: మరి ఇప్పుడెందుకు నడుపుతున్నారు?

సుధాకర్: నీకు తెలుసుగా, మళ్ళీ నా నోటితో చెప్పించడం ఎందుకు?